ఛాంపియన్ హైదరాబాదా, దక్షిణాఫ్రికానా?

(విజయవాడ ఆటోనగర్‌లో ఒక వీల్ అలైన్‌మెంట్ షాపు. 2024 నవంబర్ ఆఖరు, బేరాల్లేని మధ్యాహ్నం. షాపు ఓనరు, ఆయన అన్న కొడుకు, చెన్నైలో ఉద్యోగం చేసే కిరణ్. ఇండియన్ ఫార్ములా 4 కారు రేసుల సీజన్ ఆ నెలలోనే కోయంబత్తూరులో ముగిసింది. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ తరఫున కారు నడిపిన అకీల్ ఆలీభాయ్ ఛాంపియన్.)

కిరణ్: విన్నావా బాబాయ్? మన హైదరాబాద్ కుర్రాడే కొట్టాడు. నాగచైతన్య కొన్న టీం!

బాబాయ్: కుర్రాడిది ఏ ఊరు?

కిరణ్: దక్షిణాఫ్రికా.

బాబాయ్: బండి?

కిరణ్: మైగాల్ అని ఫ్రెంచి కంపెనీ ఛాసిస్. ఇంజనూ ఫ్రెంచిదే, ఆల్పీన్ 1.3 లీటర్ టర్బో.

బాబాయ్: పందేలు ఎక్కడ జరిగాయి?

కిరణ్: చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకులో, చెన్నై రోడ్ల మీద, చివర్లో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో.

బాబాయ్: మనిషి ఆఫ్రికా, బండి ఫ్రాన్సు, రోడ్డు తమిళనాడు. ఇక హైదరాబాద్‌ది ఏముందిరా, టీషర్టు మీద పేరు తప్ప?

కిరణ్: అలా అయితే సన్‌రైజర్స్‌కి ఎందుకు అరిచావ్? కెప్టెన్ కమిన్స్ గుంటూరువాడా?

బాబాయ్: అక్కడ పదకొండు మంది. బయటివాళ్లు నలుగురికి మించి ఆడకూడదు, మిగతా ఏడుగురూ మనవాళ్లే. ఇక్కడ కార్లో సీటు ఒక్కటే. అందులో బయటివాడు కూర్చున్నాక మనవాడు ఎక్కడ కూర్చుంటాడు, బానెట్ మీదా?

కిరణ్: (నవ్వుతూ) ఈ కార్లకి బానెట్ ఉండదు బాబాయ్. ఇంజను వెనక ఉంటుంది. అయినా పక్క కార్లో కూర్చుంటాడు. చివరిదాకా పోటీ ఇచ్చినవాళ్లలో బెంగళూరు కుర్రాడు రుహాన్ ఆల్వా ఉన్నాడు. కార్లన్నీ ఒకటే, ఇంజన్లన్నీ ఒకటే. బయటివాళ్లని రానివ్వకపోతే మనలో మనమే పరిగెత్తుకుని మనకి మనమే కప్పులు ఇచ్చుకోవాలి. వాటికి బయట విలువేముంది?

బాబాయ్: రెండేళ్లయింది కదా పెట్టి. మొదటి ఏడాది ఎవరు?

కిరణ్: 2023లో కూపర్ వెబ్‌స్టర్. ఆస్ట్రేలియా.

బాబాయ్: నువ్వు లీవు పెట్టి మరీ వెళ్లావే చెన్నై నైట్ రేసు, అది?

కిరణ్: (కాస్త ఆగి) అదీ ఆస్ట్రేలియానే. హ్యూ బార్టర్. కానీ చూడాల్సింది అది కాదు. శనివారం ఎఫ్ఐఏ, అదే ప్రపంచ మోటారు రేసుల సంస్థ, క్లియరెన్స్ టైముకి రాలేదు, ఉసూరుమంటూ కూర్చున్నాం. ఆదివారం రాత్రి ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ మూడున్నర కిలోమీటర్ల ట్రాకు మీద లైట్లు వేశారు. నేను రోజూ ఆఫీసుకి వెళ్లే రోడ్డు! గోడకీ చక్రానికీ మధ్య జానెడు కూడా లేకుండా ఆ పిల్లలు మలుపు తిప్పుతుంటే నా పక్కన ఒక పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

బాబాయ్: హైదరాబాద్‌లోనూ చేశారుగా, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్లతో. మరుసటి ఏడాది రేసే రద్దు. ఆ తర్వాత మిగిలింది గొడవలే. అందుకే నాకు ఈ సంబరం మీద నమ్మకం లేదు. రోడ్డు మూసేస్తారు, ఫొటోలు దిగుతారు, పోతారు.

కిరణ్: ఇది ఆ బాపతు కాదు. దీనికి లెక్క ఉంది. ఫార్ములా వన్ ఎక్కాలంటే సూపర్ లైసెన్స్‌కి మూడేళ్లలో 40 పాయింట్లు కావాలి. ఎఫ్4 గెలిస్తే 12 దాకా వస్తాయి. మొన్నటిదాకా ఆ మొదటి మెట్టు కోసమే పిల్లల్ని ఇటలీకో బ్రిటన్‌కో పంపాలి. మన బెంగళూరు డ్రైవరు కుష్ మైనీ ఇటలీ ఎఫ్4లో నడిపే పైకొచ్చాడు.

బాబాయ్: అదే నేనూ అంటోంది. పైకొచ్చినవాడు బయట నేర్చుకుని వచ్చాడు.

కిరణ్: అప్పుడు ఇక్కడ ఎఫ్4 లేదు కాబట్టి!

బాబాయ్: ఇప్పుడుంది. ఉంటే మాత్రం ఈ ఆటోనగర్ నుంచి ఎవడైనా ఎక్కగలడా? హైదరాబాద్ నుంచి రేసుల్లో పేరు తెచ్చుకున్న అనిందిత్ రెడ్డి ఎవరబ్బాయి? ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారి అబ్బాయి. తప్పు పట్టడం లేదు, బాగానే నడిపాడు. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడికి గో-కార్ట్ కొనిచ్చి, వారం వారం టైర్లు మార్పించే తండ్రి కావాలి. ఇక్కడ రెండు టైర్లు మార్చమంటేనే, ఒకటి మార్చు, ఇంకోటి వచ్చే నెల అంటారు.

కిరణ్: (కాసేపు మాట్లాడడు) అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ రేసంటే డ్రైవరొక్కడే కాదు. అందరిదీ ఒకే కారైనప్పుడు తేడా ఎక్కడ వస్తుందనుకున్నావ్? టైర్లో గాలి, చక్రాల వంపులు, అంటే టో, క్యాంబర్. నీ పనే!

బాబాయ్: క్యాంబరా? ఎంత పెడతారు?

కిరణ్: నెగెటివ్‌లో పెడతారు. పైన లోపలికి వంగి ఉంటుంది చక్రం. మలుపులో బరువు పడగానే నేల మీద సాపుగా కూర్చుంటుంది.

బాబాయ్: తిన్నగా వెళ్లేటప్పుడు లోపలంచు తినెయ్యదూ?

కిరణ్: తినేస్తుంది. తిననిస్తారు. వాళ్లకి కావాల్సింది మలుపు.

బాబాయ్: (లేచి, రిపేరుకొచ్చిన ఇన్నోవా ముందు చక్రం లోపలివైపు వేలు పెట్టి రుద్దుతాడు. వేలికి నల్లటి రబ్బరు పొడి అంటుతుంది.) ఇదిగో చూడు, లోపలంచు మొత్తం పోయింది, బయట కొత్తదానిలా ఉంది. దీన్ని సరిచెయ్యమని నాకు డబ్బులిస్తున్నారు. మీవాళ్లు కావాలని ఇలాగే పెట్టుకుని కప్పు కొట్టారన్నమాట!

కిరణ్: మీవాళ్లు కాదు బాబాయ్, మనవాళ్లు.

బాబాయ్: దక్షిణాఫ్రికావాళ్లు. ఆ జాకీ ఇటు తొయ్యి.