యూనిట్‌కు 46 డాలర్లు, పరువు అదనం

కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సంగీతం మీద గౌరవం లేదని ఎవరికైనా అనుమానం ఉంటే, ఏ శనివారం ఉదయమైనా ఫ్రీమాంట్‌లోనో కూపర్టినోలోనో నాలుగు వీధులు తిరిగి చూడవచ్చు. ఒక ఇంటి గరాజులో సరళీ స్వరాలు, పక్కింటి ముందుగదిలో పియానో, ఎదురింట్లో మృదంగం, వీధిలో ఆపిన కారులో తరువాతి క్లాసుకు ఆలస్యమవుతోందని గడియారం చూసుకుంటున్న తండ్రి కనిపిస్తారు. ఇంత శ్రద్ధ గల సమాజాన్ని సంగీతానికి విరోధి అనడం అన్యాయం. మన నియమం స్పష్టమైనది, సహేతుకమైనది కూడా. సంగీతం ఐదో ఏట మొదలు కావాలి, పదిహేడో ఏట యూనివర్సిటీ దరఖాస్తు వ్యాసంలో ఒక పేరాగా పరిణతి చెందాలి, పద్దెనిమిదో ఏట కంప్యూటర్ సైన్సుకు దారి ఇచ్చి గౌరవంగా తప్పుకోవాలి. ఈ మధ్య కొందరు పిల్లలు ఈ మూడో దశను ఉల్లంఘిస్తున్నారు. ఉల్లంఘించి ఊరుకోకుండా, సంగీతాన్నే ప్రధాన విషయంగా తీసుకొని, అది కూడా ఇంటికి దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, ఆ తరువాత యూనివర్సిటీకి మారతామంటున్నారు. దీనివల్ల మన పరువుకు కలుగుతున్న ప్రమాదం తగినంత గంభీరమైన చర్చకు నోచుకోలేదు.

మొదటి అభ్యంతరం సూత్రానికి సంబంధించినది. కమ్యూనిటీ కాలేజీ ఎవరినీ కాదనదు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఒక కాలేజీతో మొదలైన ఈ రెండేళ్ల ప్రభుత్వ చదువును కాలిఫోర్నియా 1960 నాటి తన మాస్టర్ ప్లాన్‌లో ఒక మెట్టుగా స్థిరపరిచింది. హైస్కూలు ముగించిన వారిలో పై ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పై మూడో వంతుకు స్టేట్ యూనివర్సిటీ, చదువుకోవాలన్న కోరిక ఉన్న ప్రతి ఒక్కరికీ కమ్యూనిటీ కాలేజీ, అక్కడ బాగా చదివిన వారికి పై రెండింటిలోకీ దారి అన్నది ఆ ఏర్పాటు. ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఇటువంటి కాలేజీలు 116 ఉన్నాయి. ప్రణాళిక వేసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఎంసెట్ ర్యాంకుతో బతుకును కొలుచుకొని విమానం ఎక్కినవారికి, అందరికీ తెరిచి ఉన్న తలుపును చూస్తే అనుమానం కలగడం సహజం. లోపలికి వెళ్లినవాడి గొప్పతనం బయట ఆగిపోయినవారి సంఖ్యను బట్టి కదా తెలిసేది! ఎవరూ బయట ఆగిపోని చోట మన పిల్లవాడు ఎవరికంటే మెరుగని చెప్పుకోవాలి? యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బదిలీపై వచ్చేవారిలో పదింట తొమ్మిది మంది ఈ కాలేజీల నుంచే వస్తారని పిల్లలు వాదిస్తారు. అది నిజమే. అయితే ఆ తొమ్మిది మందిలో మనకు తెలిసినవారి పిల్లలు ఒక్కరూ లేరు. ఉన్నా వారి తల్లిదండ్రులు మనకు చెప్పలేదు, అది వారి సంస్కారం.

రెండో అభ్యంతరం ధర. కాలిఫోర్నియా వాసులకు ఈ కాలేజీలలో, చదువును కొలిచే కొలమానమైన సెమిస్టర్ యూనిట్‌కు రుసుము 46 డాలర్లు. 2012 నుంచి అది మారలేదు. ఆ రాష్ట్రంలో 2012 నాటి ధరకు ఇంకేదైనా దొరుకుతుంటే తెలిసినవారు దయచేసి చెప్పాలి. అసోసియేట్ డిగ్రీకి కావలసిన 60 యూనిట్లను ఆ 46తో గుణిస్తే 2,760 డాలర్లు తేలుతుంది. పుస్తకాలు, పార్కింగు, వాయిద్యం వేరే అనుకున్నా, రెండేళ్ల చదువుకు ఇది సిగ్గుపడవలసిన మొత్తం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ట్యూషను, ఫీజులే ఏడాదికి 14,000 డాలర్లు దాటుతాయి. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో ఏడాదికి 60,000 దాటినా ఎవరూ నోరెత్తరు. మన అమ్మాయి గాత్ర ఆరంగేట్రం సంగతి చూడండి. అద్దె హాలు, చెన్నై నుంచి రప్పించిన మృదంగ విద్వాంసులు, విరామానికి ముందొక చీర తరువాతొక చీర, వీడియో, జ్ఞాపికలు, చివర మూడు వందల మందికి భోజనాలు. ఆ భోజనాల పద్దు ఒక్కటే 2,760ని సునాయాసంగా దాటుతుంది. పాడినందుకు పెట్టిన ఒక పూట భోజనం కంటే పాడడం నేర్పే రెండేళ్ల చదువు చౌక అయినప్పుడు, ఆ చదువులో ఏదో లోపం ఉందని పెద్దవారు శంకించరా?

ఇక తరగతి గది సంగతి. సాయంత్రం ఆరు గంటల సంగీత థియరీ క్లాసులో మన పిల్లవాడి పక్కన ఎవరు కూర్చుంటారో తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి. ఒక పక్క సైన్యం నుంచి తిరిగి వచ్చి ప్రభుత్వ సహాయంతో చదువుకుంటున్న ముప్పై ఏళ్ల గిటారిస్టు ఉండవచ్చు. మరో పక్క పగలంతా బస్సు నడిపి రాత్రి ట్రాంబోన్ పట్టుకునే మనిషి ఉండవచ్చు. వెనుక వరుసలో, ఉద్యోగ విరమణ తరువాత కోరస్‌లో పాడాలన్న కోరిక తీర్చుకుంటున్న అమ్మమ్మ వయసు ఆవిడ తప్పకుండా ఉంటుంది. వీరిలో ఒక్కరూ దరఖాస్తు వ్యాసం కోసం రాలేదు. పాట నేర్చుకోవడానికే వచ్చారు. ఇటువంటి సహవాసం లేత మనసుల మీద ఎంతటి ప్రభావం చూపుతుందో విడమరచి చెప్పనవసరం లేదు.

పోనీ, అక్కడి చదువు తేలికైనదా అంటే అదీ కాదు. తేలికైనదే అయితే, పిల్లవాడు ఏదో సరదాకు చేరాడని చెప్పుకొనే వెసులుబాటు ఉండేది. సంగీతంలో బదిలీ డిగ్రీ, అంటే యూనివర్సిటీకి మారడానికి ఉద్దేశించిన రెండేళ్ల డిగ్రీ అంటే, నాలుగు సెమిస్టర్ల థియరీ, దానికి జంటగా చెవికి శిక్షణనిచ్చే మ్యూజిషియన్‌షిప్ క్లాసులు, ప్రతి సెమిస్టరూ ఒక గురువు వద్ద విడిగా పాఠం, చివర అధ్యాపకుల ఎదుట పాడి లేదా వాయించి చూపవలసిన జ్యూరీ. ఇవి చాలవన్నట్టు యూనివర్సిటీలు కోరతాయని పియానో క్లాసు కూడా చేస్తారు. పన్నెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకొని, అటతాళ వర్ణాన్ని రెండు కాలాలలో తడుముకోకుండా పాడే మన అమ్మాయికి అక్కడ అయిదు గీతల మీద రాసిన నాలుగు పంక్తుల పాట ఇచ్చి చూసి పాడమంటే గొంతు పెగలదు. తప్పు ఆమెది కాదు. విని పాడడం నేర్పించాం గాని చూసి పాడడం నేర్పించలేదు. అయితే పాశ్చాత్య సంగీతంలో మొదటి స్వరమైన ‘డో’ను ఏ స్వరం మీదనైనా నిలుపుకోవచ్చునని చెప్పినప్పుడు, క్లాసులో అందరికంటే ముందు అది ఆమెకే అర్థమవుతుంది. షడ్జం పాడేవారి శ్రుతిని బట్టి మారుతుందని ఆమెకు పలక పట్టిన నాటి నుంచీ తెలుసు. నాలుగు గొంతులకు స్వరాలు కూర్చే పాఠంలో రెండు గొంతులు పంచమ దూరంలో జంటగా కదలరాదన్న నియమం ఒకటి ఉంది. దాన్ని విన్న మనవాళ్లు, మా తంబురాలో కచేరీ సాంతం షడ్జ పంచమాలే మోగుతాయి, అయితే మా విద్వాంసులందరికీ సున్నాయేనా అని అడుగుతారు. నిలిచి ఉన్న పంచమంతో పేచీ లేదని, రెండు గొంతులూ కలిసి కట్టుగా కదిలినప్పుడే దోషమని పంతులుగారు ఓపికగా వివరిస్తారు. ఇంత సూక్ష్మమైన శాస్త్రచర్చను యూనిట్‌కు 46 డాలర్లకు జరగనివ్వడం, 60,000 కట్టిన తల్లిదండ్రుల పట్ల ఎంత అగౌరవమో ఎవరైనా ఆలోచించారా?

కోరస్, ఆర్కెస్ట్రా వంటి బృందాల యూనిట్ల లెక్క మరీ బాధాకరం. వారానికి మూడు గంటలో ఇంకా ఎక్కువో రిహార్సళ్లు, కచేరీ దగ్గరపడితే అదనపు సాయంత్రాలు, సొంత ఖర్చుతో నల్ల దుస్తులు, ఇంత చేసినా చాలా చోట్ల దక్కేది ఒకే యూనిట్. స్ప్రెడ్‌షీటు తెలిసిన ఏ తండ్రి అయినా గంటకు ఇంత రాబడి అని తీసి చూస్తే, మన ఊళ్లో భజన మండలి కూడా ఇంతకంటే లాభసాటిగా కనిపిస్తుంది. అక్కడ ప్రసాదమైనా ఇస్తారు.

అసలు చిక్కు బదిలీలో ఉంది. బదిలీ డిగ్రీ ముగించి అర్హతలు నెరవేర్చినవారికి స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయమని 2010లో చట్టం చేశారు. ఆ చోటు మనం కోరుకున్న క్యాంపసే కావాలని చట్టంలో లేదు. ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో చెప్పడానికి అసిస్ట్ అనే వెబ్‌సైటు ఉంది. జాతకాలు చూసే సిద్ధాంతిగారి ఏకాగ్రతతో దాన్ని చదవాలి. ఒక క్యాంపస్‌తో కుదిరిన థియరీ మూడో భాగం మరొక క్యాంపస్‌తో కుదరకపోవచ్చు, కుదరకపోవడానికి కారణం ఎవరూ చెప్పకపోవచ్చు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా రెండేళ్ల కాలేజీ నుంచి 70 సెమిస్టర్ యూనిట్లనే లెక్కలోకి తీసుకుంటుంది. కోరస్, జాజ్ బృందం, ఆర్కెస్ట్రా, అన్నిటిలోనూ ఉత్సాహంగా చేరిన పిల్లవాడు ఆ గీత దాటాక పాడినదంతా యూనిట్ల దృష్టిలో నిశ్శబ్దమే. థియరీ మొదటి భాగాన్ని ఆగస్టులో మాత్రమే మొదలుపెట్టే కాలేజీలు ఉన్నాయి. జనవరిలో జ్ఞానోదయం అయినవాడు ఆగస్టు దాకా చరిత్ర, గణితం చదువుతూ కాలక్షేపం చేయాలి.

మిగతా విషయాలలో మార్కులు చూసి సీటు ఇస్తారు. సంగీతంలో మార్కులు చూసిన తరువాత, ఏదీ పాడు, అంటారు. ఆ ఆడిషన్‌లో నెగ్గి చేరిన తరువాత కూడా చాలా విభాగాలు థియరీ ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతాయి. నాలుగు సెమిస్టర్ల థియరీ ముగించి వచ్చినవాడిని మళ్లీ మూడో సెమిస్టర్ బెంచీ మీద కూర్చోబెట్టే అధికారం ఆ పరీక్షకు ఉంటుంది. అందువల్ల రెండూ రెండూ నాలుగు అన్నది సంగీత విద్యార్థుల విషయంలో గణితం కాదు, ఆశాభావం. ఐదో ఏడు కూడా పట్టినవారికి ఈ సంగతి బాగా తెలుసు. ఒక్క విషయంలో మాత్రం నేను ఈ వ్యవస్థను మనసారా మెచ్చుకుంటాను. ఇన్ని వడపోతలు ఉన్నాయంటే ఇది కూడా ఒక రకమైన పోటీ పరీక్షేనని, ఇందులోనూ తప్పేవారు తప్పుతారని బంధువులకు ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఈ దశలో పిల్లలు పెద్ద పేర్లు బయటికి తీస్తారు. ఐదు ఆస్కార్లు అందుకున్న హాలీవుడ్ స్వరకర్త జాన్ విలియమ్స్ కొంతకాలం లాస్ ఏంజెలెస్ సిటీ కాలేజీలో చదివారంటారు. అంతకంటే ఘోరమైనది జెర్రీ గోల్డ్‌స్మిత్ కథ. ఆయన యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ఉండి కూడా, దాన్ని విడిచి, ఆచరణలో పనికొచ్చే చదువు ఎక్కువగా చెబుతారని అదే సిటీ కాలేజీకి వెళ్లి, అక్కడ గాయకులకు పియానో సహకారం అందిస్తూ, బృందాలను నడపడం నేర్చుకొని, హాలీవుడ్‌లో అగ్రశ్రేణి స్వరకర్త అయ్యారు. బదిలీ అన్నది కింది నుంచి పైకే జరగాలన్న ప్రాథమిక మర్యాదను కూడా ఆయన పాటించలేదు. ఇటువంటి జీవిత చరిత్రలను పిల్లలకు అందుబాటులో ఉంచడం మంచిది కాదు.

మన తెలుగునాట ఉదాహరణ చెప్పి మనల్నే ఇరుకున పెట్టే పిల్లలూ ఉన్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి అధ్యక్షులుగా కూర్చోబెట్టినప్పుడు, అక్కడ చదివినవారికి ఏ ప్యాకేజీ వస్తుందని ఎవరూ అడగలేదంటారు. అదే కళాశాలలో ఘంటసాల గారు మధుకరం ఎత్తుకొని, ఇంటింటా పెట్టిన అన్నం తిని సంగీతం చదువుకున్నారంటారు. ఘంటసాల గారి విషయంలో మన సమాజానికి ఉన్న భక్తిని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆఫీసుకు వెళ్తూ హైవే మీద ఆయన పాటలే వింటాం. కానీ ఆ ఉదాహరణ ఇక్కడ చెల్లదు. ఆయన తరువాత ఘంటసాల అయ్యారు గనుక ఆ జోలె మనకు పవిత్రమైంది. ఏమవుతాడో ఇంకా తెలియని పిల్లవాడి విషయంలో మనం ఫలితాలు వచ్చేదాకా ఓపిక పట్టి, ఆ తరువాత వెనుకటి తేదీతో ప్రోత్సహించాలి. తెలుగువారు కళలను పోషించే పద్ధతి ఎప్పుడూ ఇదే.

కాబట్టి పిల్లవాడు మాట వినకుండా చేరిపోయిన ఇళ్లలో ఏం చేయాలన్నదే ఇప్పుడు చూడవలసినది. అదృష్టవశాత్తు, పట్టా మీద యూనివర్సిటీ పేరు మాత్రమే అచ్చవుతుంది. మొదటి రెండేళ్లు ఎక్కడ గడిచాయో దాని మీద ఉండదు. పెళ్లి సంబంధాల బయోడేటాలో కూడా ఆఖరి యూనివర్సిటీ ఒక్కటే రాస్తే సరిపోతుంది. ఆ రెండేళ్లలో విందులకు వెళ్లినప్పుడు ‘జనరల్ ఎడ్యుకేషన్ పూర్తి చేసుకుంటున్నాడు’ అనాలి. అది అబద్ధం కాదు. ఆ డిగ్రీలో ఇంగ్లీషు, గణితం, చరిత్ర కూడా నిజంగానే ఉన్నాయి. సెమిస్టర్ చివర కచేరీకి బంధువులను పిలవరాదు. పిలిస్తే టికెట్ ఎంతని అడుగుతారు, పది డాలర్లని చెప్పవలసి వస్తుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసిన పరిణామం మరొకటి ఉంది. ఇలా బదిలీ అయిన పిల్లలలో కొందరు యూనివర్సిటీ ముగించి, మాస్టర్స్ కూడా చేసి, తిరిగి కమ్యూనిటీ కాలేజీకే పాఠాలు చెప్పడానికి వస్తారు. అక్కడ సంగీతం చెప్పాలంటే సాధారణంగా మాస్టర్స్ ఉండాల్సిందే. పూర్తికాలపు ఉద్యోగాలు తక్కువ గనుక, ఉదయం ఒక ఊళ్లో థియరీ, మధ్యాహ్నం మరో ఊళ్లో పియానో, సాయంత్రం ఇంకో ఊళ్లో కోరస్ చెబుతూ, రోజంతా ఫ్రీవే మీద తిరిగే అధ్యాపకులు అక్కడ చాలామంది. మీ అబ్బాయికి కూడా అదే రాసిపెట్టి ఉంటే దిగులు పడనవసరం లేదు. మా వాడు మూడు కాలేజీలలో ప్రొఫెసర్ అని గట్టిగా చెప్పండి. ఆ మూడూ ఏవో ఎదుటివారు అడిగేలోగా వాళ్ల అమ్మాయికి ఎక్కడ సీటు వచ్చిందని మీరే ముందుగా అడగండి. ఆ జవాబు పూర్తయ్యేసరికి ఎలాగూ భోజనాలకు పిలుస్తారు.