చంపేస్తానండీ!

కర్నూలు పౌరులకు ఒక శుభవార్త. ఇకపై మీ మీదికి ఎవరైనా కత్తి పట్టుకుని వస్తే భయపడవలసిన పని లేదు. వచ్చినవాడు మీ కుడి మణికట్టునే పట్టుకోవాలి. పట్టుకుని, మనం మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడాలి. అంతే. ఈ మాత్రం సహకారం అందిస్తే వాణ్ణి మట్టి కరిపించే విద్య మా కార్యాలయంలో ముప్పై నలుగురికి వచ్చేసింది. సర్టిఫికెట్లు కూడా అచ్చయ్యాయి.

పోయిన నెల పైనుంచి సర్క్యులర్ దిగింది: 'హింసాత్మక బెదిరింపులను ఎదుర్కొనుటపై సిబ్బందికి ఒకరోజు శిక్షణ'. ఒకరోజు అన్నది కాగితం మీది మాట. పదిన్నరకు మొదలు కావలసింది, జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె దొరక్క పదకొండున్నర అయింది. శాలువాలు, ప్రసంగాలు ముగిసేసరికి పన్నెండున్నర. ఒంటిగంటకు భోజనాలు. నడుమ మిగిలిన అరగంటలో మమ్మల్ని యోధులుగా తీర్చిదిద్దారు. జొన్నరొట్టె, గుత్తివంకాయ మాత్రం అమోఘం. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది.

శిక్షకుడు తెల్లదుస్తుల్లో, నల్లబెల్టుతో వచ్చాడు. రబ్బరు కత్తుల పెట్టెను బస్సులో మరిచిపోయి వచ్చాడు. కార్యక్రమం ఆగరాదు కనుక మా సీనియర్ అసిస్టెంటు మేడమ్ తన కూరగాయల సంచిలోంచి ఒక ములక్కాయ తీసి ఇచ్చారు. అదే కత్తి. దుండగుడిగా మా అటెండరు ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఫోటోగ్రాఫరు సిద్ధంగా ఉండడంతో బాధితుడి పాత్రకు సూపరింటెండెంటు గారు తమంతట తామే లేచారు.

ఆ అటెండరు ఇరవై రెండేళ్లుగా ఆ అయ్యగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. ఇప్పుడు ఆయన కాలరు పట్టుకోవాలి! చెప్పులు విడిచి వేదిక ఎక్కాడు. ములక్కాయను రెండు చేతులతో, గుడిలో ప్రసాదం అందుకున్నట్టు అందుకున్నాడు.

"కోపంగా రావయ్యా" అన్నాడు శిక్షకుడు. వచ్చాడు.

"బెదిరించు."

మావాడు గుటక మింగి, తల కాస్త వంచి, "చంపేస్తానండీ" అన్నాడు.

"గట్టిగా!"

"చంపేస్తానండీ, సార్!"

హాలంతా చప్పట్లు. ఇంతలో ఒక చిక్కు వచ్చిపడింది. మావాడిది ఎడమచేతి వాటం. శిక్షకుడు నేర్పే మెలిక కుడిచేతికే పనిచేస్తుంది. "దుండగుడు కుడిచేత్తోనే రావాలి" అని మందలించి, ములక్కాయ చేయి మార్పించాడు. ఎడమచేతి దుండగులారా, మీరు తుంగభద్ర దాటి వెళ్లిపోండి, మా పాఠంలో మీకు చోటు లేదు. ఒకటి అన్నారు, మణికట్టు తిప్పారు. రెండు అన్నారు, మోచేయి వంచారు. మూడు అనేలోపే ములక్కాయ పుటుక్కుమని విరిగింది. "చూశారా, నిరాయుధుడయ్యాడు!" అన్నాడు శిక్షకుడు. సూపరింటెండెంటు గారు ఫోటో కోసం మరోసారి నిరాయుధుణ్ణి చేశారు. రెండు ముక్కలూ మేడమ్ సంచిలోకి తిరిగి చేరాయి. సాంబారులోకి ఎలాగూ విరవాల్సినవే కదా.

1983లో డెనిస్ ట్యూలర్ అనే అమెరికా పోలీసు అధికారి ఒక సంగతి రాశాడు. కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరం దాటడానికి సుమారు ఒకటిన్నర సెకను చాలునట. మా సూపరింటెండెంటు గారికి కళ్లజోడు సర్దుకోవడానికే అంతకు రెట్టింపు పడుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, వేళ్లు మాట వినవు, చూపు గొట్టంలోంచి చూసినట్టు ఇరుకైపోతుంది, పక్కవాడి కేక కూడా చెవికి ఎక్కదు. చాలామంది కొయ్యబారిపోతారు. అది పిరికితనం కాదు, ఒంటి తత్వం. అందుకే నిజంగా నేర్పేవాళ్లు మూడు మెలికల విద్యలు నేర్పరు. తోసేయడం, గొంతు చించుకుని అరవడం, తలుపు వైపు పరుగెత్తడం లాంటి మోటు పనులు రెండు మూడు ఎంచుకుని, ఎదుటివాడు నిజంగా నెట్టి, నిజంగా తిట్టి, ఊపిరి ఆడనివ్వకుండా చేస్తుండగా వందసార్లు చేయిస్తారు. 'అండీ' అనరు.

పరుగు సంగతి మా టైపిస్టు అడిగాడు కూడా. పారిపోవడం వీరలక్షణం కాదని సమాధానం వచ్చింది. వీరత్వం మాట అలా ఉంచండి, పారిపోదామన్నా దారేది? హాలు వెనక తలుపుకు విరిగిన బీరువా అడ్డం, ఆ తలుపు తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ సెలవులో.

ఇదంతా ఏ జిల్లాలో? విజయదశమి రాత్రి దేవరగట్టులో కర్రలతో తలలు పగలగొట్టుకుని, గాయానికి పసుపు అద్దుకుని మళ్లీ జాతరలోకి దూకే జిల్లాలో. దెబ్బ అంటే ఏమిటో మాకు ములక్కాయతో చూపించారు!

భోజనాల గంట దగ్గర పడుతుండగా, కాంట్రాక్టు మీద పనిచేసే డేటా ఎంట్రీ అమ్మాయి లేచింది. "సార్, వాడు చెయ్యి పట్టుకోడు. రోజూ సాయంత్రం రాజ్‌విహార్ దగ్గర బస్సు దిగగానే బండి మీద నా పక్కనే వస్తాడు. మొన్న, మొహం మీద పోస్తానన్నాడు. మా వీధివాడే. నేను ఎన్ని లెక్కపెట్టాలి?"

"ప్రశ్నలు చివరలో" అన్నాడు శిక్షకుడు. చివరలో గ్రూప్ ఫోటో తీశారు. మెట్ల దగ్గర సూపరింటెండెంటు గారు దయతలచి, "కొన్నాళ్లు వేరే దారిలో వెళ్లమ్మా" అన్నారు.

సిగ్గు లేదూ మనకు? ఆ పిల్ల అప్పటికే ఒక పోలీసు స్టేషనుకు వెళ్లి వచ్చింది. తమ పరిధి కాదని పంపేశారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలోని 173వ సెక్షన్ చెబుతోంది. వద్దన్నా వెంటపడేవాడికి నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. ఇవి 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఈ రెండు ముక్కలు కంఠస్థం చేయించడానికి ఎన్ని ములక్కాయలు కావాలి? రోజూ ఆ బండిని చూస్తూ టీ తాగే పాతికమందికి ఒక్క కేక వేయడం ఎవరు నేర్పుతారు? 112కు ఫోను చేయడం ఎవరు నేర్పుతారు? పెళ్లి కావలసిన పిల్ల, పేరు బయటికి రానివ్వకండి అని సర్దిచెప్పడానికి వచ్చిన పెద్దమనుషులకు ఏ బెల్టు ఇద్దాం? బెదిరించేవాడు దర్జాగా బండి మీద తిరుగుతాడు, దారి మార్చుకోవలసింది ఆమె, మణికట్టు తిప్పడం నేర్చుకోవలసిందీ ఆమె! వాడికి మాత్రం ఏ సర్క్యులరూ రాదు. వాడికి ఒకరోజు శిక్షణ పెట్టండి, భోజనం ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఆ అమ్మాయి సర్టిఫికెట్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది. పేరు తప్పు అచ్చయిందట. సరిచేయాలంటే ఆధార్ నకలు జతపరిచి, రెండు ప్రతులలో దరఖాస్తు ఇవ్వాలట. ఇస్తానంది. ఈమధ్య చుట్టుదారిలో రెండు బస్సులు మారి వస్తోంది కదా, పది తర్వాత గానీ ఆఫీసుకు చేరలేకపోతోంది. నిన్న ఆలస్యానికి మెమో కూడా అందుకుంది.