బండి దిగి రోడ్డు దాటించిన మా నాన్న

పోయిన సంక్రాంతి సంబరాల్లో స్టేజీ మీద ఒక పెద్దాయన అన్న మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. డిసెంబరులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ ఊరి దగ్గర మన తెలుగువాళ్ళ వింటర్ ట్రిప్‌లో స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) మీద రోడ్డు దాటబోయి కాలు విరిగిన కుర్రాడి సంగతి చెబుతూ, "మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి రోడ్డంటే లెక్కుండదు కదా" అన్నారు. హాలంతా నవ్వింది. ఊతకర్రలు పక్కన పెట్టుకుని ఆ కుర్రాడు మూడో వరసలోనే ఉన్నాడు.

మాది రణస్థలం పక్క ఊరు. ఇల్లు హైవేకి ఇవతల, పొలం అవతల. నాన్నకి టీవీఎస్ 50 ఉండేది. ముందు నేను, వెనక ఎరువు బస్తా. రోడ్డు అంచుకి రాగానే ఇంజను ఆపేసి నన్ను దింపేవారు. విశాఖ వైపు చూసి, శ్రీకాకుళం వైపు చూసి, మళ్ళీ విశాఖ వైపు చూసేవారు. లారీ ఎంత దూరంలో ఉన్నా ఆగేవారు. తర్వాత బండిని తోసుకుంటూ తిన్నగా దాటించేవారు, ఏటవాలుగా ఎప్పుడూ కాదు. మిగతావాళ్ళు రయ్యిన దూసుకుపోతుంటే నాకు విసుగొచ్చేది.

అలా దూసుకుపోయే అలవాటుని నేను వెనకేసుకు రాను. ఈ దసరాకి వెళ్ళినప్పుడు కూడా అదే హైవే మీద డివైడర్ సందు కోసం రాంగ్‌సైడులో వస్తున్న బళ్ళు చూశాను. ఒక్కో దాని మీద నలుగురేసి. చూస్తుంటే భయం వేసింది, కోపం కూడా.

పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్ళ సోమవారం నాడు విజయనగరంలో ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారు అడిగిన మొదటి మాట, "బావూ, ఆ మంచు బండికి బ్రేకులుంటాయా?"

ఉంటాయమ్మా అన్నాను. కానీ ఆ బండికి చక్రాలుండవు. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్. మంచులో స్కీ కరుచుకుంటుంది. తారు మీదకి వస్తే జారుతుంది, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. అందుకే రోడ్డు అంచుకి ముందే పూర్తిగా ఆగాలి. మంచు గుట్టల మీంచి కనబడేలా లేచి నిలబడి రెండు వైపులా చూడాలి. వచ్చే బళ్ళన్నీ పోయాక, ఒక్కొక్కరే, రోడ్డుకి అడ్డంగా తిన్నగా దాటాలి. ముందువాడు "రా" అని చెయ్యి ఊపితే మావాడు చూడకుండా వెళ్ళిపోయాడు. ఎవరి కళ్ళతో వాళ్ళే చూసుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

"అయితే నేర్పినోళ్ళు లేరన్నమాట" అంది ఆవిడ. హాల్లో నవ్వు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కుదిపింది.

ట్రిప్‌లో కుర్రాడి కాలు విరిగిన రోజు పొద్దున్నే ఇంకో ప్రమాదం తప్పింది, దాని గురించి స్టేజీ మీద ఎవరూ మాట్లాడలేదు. నిట్టనిలువు గుట్ట మీదకి ఇద్దరు ఒకరి వెనక ఒకరు ఎక్కించారు. ముందు బండి సగంలో ఊపు తగ్గి వెనక్కి జారింది. రెండోవాడు పక్కకి దూకబట్టి బతికాడు. గుట్ట ఎక్కేది ఒకరే. మిగతావాళ్ళు కింద దాని దారికి దూరంగా పక్కన ఆగాలి. నడిపేవాడు లేచి నిలబడి బరువు ముందుకి వేయాలి. పైదాకా వెళ్ళలేననిపిస్తే ఊపు చచ్చేలోపే బండిని కిందకి తిప్పేయాలి. కొన మీదకి వచ్చాక నెమ్మదించాలి, అవతల ఏముందో తెలియదు. ఇంజను ఆపే తాడు కోటుకి తగిలించుకోవాలి, మనిషి పడితే బండి ఆగిపోతుంది.

మిన్నెసోటాలో 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళకి శిక్షణ సర్టిఫికెట్ ఉండాలని చట్టం. పెద్దవాళ్ళు ఆన్‌లైన్‌లో కూడా పూర్తిచేయవచ్చు. తెలిసినాయన దగ్గర బళ్ళు తీసుకున్న రోజు మనలో ఒక్కరూ దాని ఊసెత్తలేదు. అక్కడే ఉన్న నేనూ ఎత్తలేదు. తప్పు మనందరిది. దాన్ని రెండు జిల్లాల మీదకి తోసేయడం న్యాయం కాదు.

కమిటీ పెద్దలకి ఒక్క విన్నపం. ఈసారి ట్రిప్‌కి ముందు ఒక శనివారం పొద్దున్న గుడి హాలు ఇప్పించండి. నేర్పేవాళ్ళని నేను తీసుకొస్తాను, తెలుగులోనే మాట్లాడుకుందాం. సర్టిఫికెట్ లేని వాళ్ళ చేతికి తాళం ఇవ్వకండి. ఆ కుర్రాడు కూడా వస్తానన్నాడు. ఆ రోడ్డు దగ్గర ఏం జరిగిందో తానే చెబుతానన్నాడు.