లిస్టులు బట్టీ కొట్టే ఇంగ్లిష్

బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్లుండే పీజీ గదుల్లోకి తొంగిచూడండి. ఏదో ఒక గోడకి కాగితం అంటించి ఉంటుంది. ఇటు ఇంగ్లిష్ మాట, అటు తెలుగు అర్థం. విదేశీ చదువులకి రాసే జీఆర్ఈకని కొందరు, బ్యాంకు పరీక్షకని కొందరు, మీటింగులో నోరు పెగలాలని కొందరు. రోజుకి పది మాటలట! ఈ పద్ధతంటే నాకు ఎప్పట్నుంచో ఒళ్లుమంట.

అర్థం తెలిస్తే మాట వచ్చేసినట్టేనని ఎవరు చెప్పారు అసలు? 'వేర్' అంటే ధరించడం అని రాసుకున్నారు, సరే. మరి మనం చీర కట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం, గాజులు తొడుక్కుంటాం, బొట్టు పెట్టుకుంటాం, పూలు తురుముకుంటాం. "కళ్లజోడు కట్టుకున్నాడు" అంటే ఒకటో తరగతి పిల్ల కూడా పకపకా నవ్వుతుంది. ఆ పిల్లకి ఎవరూ లిస్టు ఇవ్వలేదు. (ధరించడం మాత్రం పెళ్లి వీడియోల వ్యాఖ్యానంలో తప్ప ఎవరింట్లోనూ వినపడదు.)

ఇంగ్లిష్‌లోనూ అంతే. వాన 'హెవీ', ట్రాఫిక్కూ 'హెవీ', టీ మాత్రం 'స్ట్రాంగ్'. ఎందుకంటే ఎందుకో! వాళ్లకలా అలవాటు. ఒకప్పుడు లాహోర్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసరుగా పనిచేసిన జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త 1957లో ఈ మాటే రాశాడు, పదం సంగతి దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని. మన గోడ మీది కాగితంలో పదానికి సావాసమే ఉండదు.

అందుకే తమాషాలు జరుగుతాయి. 'నొటోరియస్' ఎదురుగా "బాగా పేరున్న" అని చదివిన కుర్రాడు టీమ్ లీడ్ వీడ్కోలు మెయిల్లో ఆ మాట వాడాడనుకోండి, మెచ్చుకుందామని ఆయన్ని దొంగల జాబితాలో చేర్చినట్టే. 'స్లిమ్', 'స్కిన్నీ' రెండింటికీ లిస్టులో "సన్నని" అనే ఉంటుంది. మొదటిది నాజూకు, రెండోది చాలాసార్లు బక్కచిక్కడం. అమ్మాయితో ఏది అంటున్నారో చూసుకోండి మరి. 'డిసింట్రెస్టెడ్' ఇంకో ఉచ్చు. ఆసక్తి లేనివాడనే అనుకుంటాం. జడ్జి గురించి ఆ మాట అంటే ఏ పక్షానికీ కొమ్ముకాయని మనిషని, అంటే పొగడ్త.

ఇంకా కడుపు మండేది ఏంటంటే, పరీక్ష పెట్టేవాళ్లే ఈ బట్టీని ఎప్పుడో తగ్గించేశారు. 2011 ఆగస్టులో జీఆర్ఈ మారినప్పుడు వ్యతిరేక పదాల ప్రశ్నలు, పదాల జంటలు కలిపే ప్రశ్నలు ఎత్తేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి, అక్కడ ఏ మాట నప్పుతుందో అడుగుతారు. పరీక్ష మారింది గానీ, లిస్టులమ్మే వ్యాపారం మారలేదు.

మరోపక్క వెక్కిరించే బ్యాచ్ ఒకటి. 'ప్రీపోన్' అంటే ఇంగ్లిషే రాదంటారు. ఆ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే ఉంది బాబూ. మీటింగు ముందుకు జరిపారని ఒక్క ముక్కలో తెలిసిపోతోంది, ఇంకేం కావాలి? 'డూ ది నీడ్‌ఫుల్' (అవసరమైంది చెయ్యండి అని) మనం పుట్టించింది కాదు, తెల్లదొరల కాయితాల భాషే. వాళ్లు చాలావరకు వదిలేశారు, మనం పట్టుకున్నాం. ఇవి వాడేవాడి కంటే "యూజ్" చాలిన చోట "యుటిలైజ్" దింపేవాడితోనే నాకు పేచీ.

మరేం చెయ్యాలంటారా? చౌకైన దారే ఉంది. ఇంగ్లిష్ సొంత భాష కానివాళ్ల కోసం చేసిన నిఘంటువులున్నాయి. హార్న్‌బీ అనే ఇంగ్లండ్ ఆయన జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ ఒకటి తయారుచేస్తే 1942లో అక్కడే అచ్చయింది. అదే 1948 నుంచి ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ప్రచురణగా వస్తోంది, ఇప్పుడు నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. మాట పక్కనే వాక్యాలుంటాయి, మర్యాదగా వాడేదా, తిట్టా, ఆఫీసు కాయితాల్లోదా అని గుర్తులుంటాయి. రోజుకి పది వద్దు, రెండు చూడండి. ఆ రెండింటి కిందున్న వాక్యాలు పైకి చదవండి. తర్వాత క్రికెట్ వార్తలో ఎక్కడైనా తగిలితే, దాని పక్కన ఏముందో చూడండి.

ఇంత చదివాక కూడా "అన్నా, ఆ లిస్టు పీడీఎఫ్ ఉంటే పెట్టవా" అని అడిగే తమ్ముళ్లుంటారు. లేదమ్మా.