తెప్ప వెనుక తిరుగుళ్ళా? ఆ మెసేజిని ఇక ఆపండి

శ్రీకాకుళంలో నాతో చదువుకున్నవారు, బంధువులు, చివరికి మా పెద్ద మేనమామ కూడా ఒకటే మెసేజి పంపిస్తున్నారు. "మన కళింగపట్నంలోనే వేక్‌సర్ఫింగ్! ఒక్క రోజులో 360 డిగ్రీలు గిర్రున తిరగడం నేర్చుకోండి" అని శీర్షిక. కింద ఏడు సూచనలు. వాటికి తోడు ఎక్కడో అమెరికా సరస్సులో తీసిన వీడియో. బోటుకు కట్టిన తాడు పట్టుకుని లేచి, తాడు వదిలేసి, బోటు వెనుక లేచే కెరటం మీద పలకపై నిలబడి సాగే ఈ ఆట నేను టెక్సస్‌లో ఆడతానని తెలిసినవారు "నిజమేనా?" అని అడుగుతున్నారు. తెలియనివారు అడగకుండానే నీళ్ళలోకి దిగేలా ఉన్నారు. మా మేనల్లుడైతే అప్పుడే తెప్ప మాట్లాడుకున్నాడట.

మొదటి సూచన: "ఏ మోటారు తెప్ప అయినా పనికొస్తుంది." మిగతా ఆరింటినీ చెరిపేసినా, మనిషిని చంపడానికి ఇదొక్కటి చాలు.

ఆ వీడియోలోని బోటును ఒకసారి ఆపి చూడండి. వెనుక ఇంజను కనబడదు. అది బోటు లోపల ఉంటుంది. ప్రొపెల్లర్, చుక్కాని రెండూ అడుగున, వెనుక అంచుకు బాగా ముందుగా ఉంటాయి. మన ఫైబర్ తెప్పకు ఇంజను వెనుక చెక్కకే వేలాడుతుంది, ప్రొపెల్లర్ తెప్ప దాటి బయట తిరుగుతుంది. వేక్‌సర్ఫింగ్ చేసేవాడు బోటుకు ఉజ్జాయింపుగా మూడు మీటర్ల దూరంలో ఉంటాడు. వాటర్ స్కీయింగ్‌లాగా పొడవాటి తాడు చివర, ఎక్కడో దూరంగా కాదు.

"పడితే వెనక్కే కదా పడతాం, తెప్ప ముందుకు పోతుంది కదా" అని మా బావ వాదన. పలక మీద ఊరికే నిలబడినంతసేపు ఆ మాట కొంతవరకు నిజమే. తిరగడం మొదలుపెట్టాక కాదు, బావా. పలక తిరగాలంటే వెనుక అడుగున చేప రెక్కల్లా ఉండే ఫిన్‌లు నీటి పట్టు వదలాలి. అవి వదలాలంటే బరువంతా ముందు కాలి మీదికి తేవాలి. ముందు కాలు నొక్కగానే పలక వేగం అందుకుని బోటు వైపు జరుగుతుంది. అంటే నేర్చుకునేవాడు బోటుకు అతి దగ్గరగా వచ్చేది సరిగ్గా ఆ క్షణంలోనే. సగం తిరిగేసరికి వీపు ఎటుందో, బోటు ఎటుందో వాడికే తెలియదు. అక్కడ తూలితే ఎటు పడతాడో చెప్పగలవా? నేను చెప్పలేను, ఆ తెప్ప నడిపే అన్న అసలే చెప్పలేడు. ఆయన చూపు ముందున్న నీటి మీద ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, డ్రైవరు కాకుండా మరొకరు వెనక్కి చూస్తూ బోటులో ఉండాలనే నిబంధన ఊరికే పెట్టలేదు.

ఇంజను వెనుక ఉండే బోట్లతో కూడా ఈ ఆట ఆడించాలని కంపెనీలు ఆలోచించకపోలేదు. వోల్వో పెంటా 2015లో తెచ్చిన ఏర్పాటులో ప్రొపెల్లర్లు వెనక్కి కాకుండా ముందుకు తిరిగి, బోటు కిందికి ఒదిగి ఉంటాయి. పెద్ద కంపెనీ అంత శ్రమపడి దాటిన ప్రమాదాన్ని మన మెసేజి "ఏ మోటారు తెప్ప అయినా" అని నాలుగు మాటల్లో దాటేసింది.

ఇంజను పొగ సంగతి మెసేజిలో లేనే లేదు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. బోటు వెనుక అంచు పట్టుకుని వేలాడుతూ కెరటం మీద సాగే ఆటను కాలిఫోర్నియా 2005 నుంచి చట్టంతో నిషేధించింది, ఆ వాయువు మనుషుల ప్రాణాలు తీసింది కనుకనే. తల తిరిగితే విన్యాసం వచ్చేసిందని మనవాళ్ళు చప్పట్లు కొట్టకుండా ఉంటే అదే పదివేలు.

రెండోది: "తెప్ప ఎంత వేగంగా పోతే కెరటం అంత పెద్దది." తలకిందులుగా రాశారు. గంటకు 16 నుంచి 19 కిలోమీటర్లు, అంతే. అది దాటి వేగం పెంచితే బోటు నీటి పైకి లేస్తుంది, వెనుక కెరటం చదునైపోతుంది. కెరటం పుట్టేది బరువు వల్ల, బోటు తోసే నీటి వల్ల. అందుకే ఆ బోట్లు ట్యాంకుల్లో టన్ను, రెండు టన్నుల నీరు నింపుకుని తిరుగుతాయి. చేపల వల మోసే తేలికపాటి తెప్ప వెనుక లేచేది నురగే గాని, నిలబడి తిరగగలిగే కెరటం కాదు.

మూడోది: "సముద్రపు కెరటం కూడా తోడైతే ఇంకా మంచిది." వంశధార సముద్రంలో కలిసే చోట అలలు, ప్రవాహం, ఇసుక మేటలు, పైగా ఎవరెవరివో వలలు. బోటు వెనుక కెరటం నున్నగా, ఒకే తీరుగా ఉంటేనే పలక తిరుగుతుంది. ఈ ఆట పుట్టి పెరిగిన తీరుకు సరిపోయేది సరస్సే. ఆ లెక్కన విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయం నయం. అయితే అది విశాఖకు తాగునీరు ఇచ్చే జలాశయమని గుర్తుంచుకుని, అనుమతి ఎవరిస్తారో కనుక్కుని మాట్లాడండి.

నాలుగోది చదివి ఫోను పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. "తాడు చివర ఉచ్చు వేసి మణికట్టుకు తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి." అవునవును, మెడకు తగిలించుకుంటే ఇంకా ఖాళీ! నిలబడగానే తాడును బోటులోకి విసిరేయడమే ఈ ఆటలో మొదటి పాఠం. మనిషి తిరిగితే తాడు ఒంటికి చుట్టుకుంటుంది. వదులైన తాడు నీటిలో పడితే ప్రొపెల్లర్ దాన్ని లాక్కుంటుంది, తాడు మణికట్టును లాక్కుంటుంది. ఒకటో సూచన పొరపాటున వదిలేసినవాడిని నాలుగోది పట్టుకుంటుందన్నమాట.

అయిదోది: పలక పైన కొబ్బరి నూనె రాయాలట. జారాల్సింది పలక అడుగు, మీ కాళ్ళు కావు. నూనె తలకు రాసుకోండి.

ఆరోది: లైఫ్ జాకెట్ తిరగడానికి అడ్డమట. ఆ వీడియోలోని కుర్రాడు అది వేసుకునే తిరిగాడు.

ఏడోది మాత్రం, ఒప్పుకోక తప్పదు, చక్కగా రాశారు: "తిరిగేటప్పుడు కెరటం గోడలో చేయి ఆనించండి, చూపు ముందు తిరగాలి, ఒళ్ళు తర్వాత." నాకు నేర్పినవారు కూడా ఇంత సూటిగా చెప్పలేదు. నీటిలో ఆనిన చేయి ఇరుసుగా పలక తిరుగుతుంది. తల ఆగితే పలకా ఆగుతుంది. నేర్చుకునేవారు ఎక్కువగా పడేది సగం తిరిగిన చోటే. భయంతో నిటారుగా లేస్తారు, బరువు వెనుక కాలి మీద పడుతుంది, ఫిన్‌లు మళ్ళీ నీటిని పట్టుకుంటాయి, పలక మునుగుతుంది. మోకాళ్ళు వంచే ఉంచి, చూపు మిగతా సగం వైపు తీసుకుపోవాలి. ఈ ఏడో సూచన రాసినవారూ మొదటిది రాసినవారూ ఒక్కరేనంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఇక "ఒక్క రోజులో" అన్న శీర్షిక. ఒక్క రోజులో తాడు వదిలి నిలబడగలిగితే గొప్ప. ఆ తర్వాత ఫిన్‌లు చిన్నవిగా ఉన్న పలక తీసుకుని, సగం తిరిగి వెంటనే వెనక్కి రావడం నేర్చుకోవాలి. తర్వాత సగం తిరిగి, వెనక్కి చూస్తూనే కాసేపు సాగడం. పూర్తి చుట్టు ఆ పైన.

మా మేనల్లుడికి తిరగాలన్న సరదాయే ఉంటే దానికి తెప్పా ఇంజనూ అక్కర్లేదు. ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే పల్చటి నీటి పొర మీద, ఫిన్‌లు లేని చిన్న పలక విసిరి, పరుగెత్తి ఎక్కితే చాలు. చూపు, భుజాలు, ముందు కాలి బరువు అన్నీ అక్కడే అలవాటవుతాయి. కళింగపట్నంలో ఆ ఇసుకకు కొరత లేదు. తెప్ప యజమానికి ఇచ్చిన బయానా సంగతి నేను చూసుకుంటానని వాడికి చెప్పండి.