ప్రాజెక్టు పిల్లల చేతిలోనే ఉండాలి

రాత్రి పది దాటింది. మూడో తరగతి పాప ఎప్పుడో నిద్రపోయింది. రేపు బడిలో ఇవ్వాల్సిన అగ్నిపర్వతం నమూనాకు అమ్మానాన్నలు కూర్చుని రంగులు వేస్తున్నారు. పొద్దున దానికి పూర్తి మార్కులు పడతాయి. తన చేతిపని ఎవరికీ పనికిరాదన్న సంగతి మాత్రం పాపకు బాగా తెలిసొస్తుంది. ప్రాజెక్టు పేరుతో ఇంటిల్లిపాదీ పడే ఈ టెన్షన్‌కూ, చేసి నేర్చుకోవడానికీ సంబంధం లేదని మేము గట్టిగా చెప్పదలచుకున్నాం.

పొడవు పాఠాన్నే తీసుకుందాం. మీటరుకు వంద సెంటీమీటర్లని బోర్డు మీద రాస్తే పిల్లలు రాసుకుంటారు, అప్పజెబుతారు. అదే తరగతిలో బల్లను జానలతో కొలవమనండి. ఒకరికి తొమ్మిది జానలు వస్తాయి, పక్కవాడికి పది. నీది తప్పంటే నీది తప్పని గొడవ. మళ్లీ కొలుస్తారు. చిటికెన వేలు ఆగిన చోటే బొటనవేలు పెట్టాలని ఒకరినొకరు దిద్దుకుంటారు. ఈలోగా టీచర్ వచ్చి కొలిస్తే ఏడే! ఎవరూ తప్పు కొలవలేదని, కొలిచిన చెయ్యి మారిందని వాళ్లలో ఎవరికో తడుతుంది. ‘అందరం ఒకే పుల్లతో కొలుద్దాం’ అని ఆ పిల్ల అనగానే స్కేలు ఎందుకు కావాల్సి వచ్చిందో తరగతికి తెలిసిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. కావాల్సింది సమయం, కాస్త గోలను భరించే ఓపిక.

భిన్నాలూ అంతే. ఎనిమిది పెద్ద అంకె కాబట్టి నాలుగో వంతు కన్నా ఎనిమిదో వంతే పెద్దదని చాలామంది పిల్లలు అనుకుంటారు. కాగితపు పట్టీని రెండుసార్లు, తర్వాత ఇంకోసారి సగానికి మడిచి విప్పి చూస్తే ఆ పొరపాటు వాళ్లకే కనబడుతుంది.

ఇదేమీ కొత్త మోజు కాదు. అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రయోగ పాఠశాలలో పిల్లలు వంట, నేత, వడ్రంగం పనుల్లోంచే లెక్కలూ సైన్సూ నేర్చుకున్నారు. 1907లో రోమ్‌లో తొలి బడి తెరిచిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో ఒకటి అంటే ఒక పూస, పది అంటే పూసల కడ్డీ, వంద అంటే పలక, వెయ్యి అంటే రెండు చేతులా పట్టుకునే ఘనం. వెయ్యి ఎంతో పిల్లలకు బరువుగా తెలుస్తుంది.

అలాగని కత్తెర, జిగురు చేతికిస్తే చదువు వచ్చేస్తుందని మేము అనడం లేదు. ప్రతి అనుభవమూ చదువు కాదని 1938లో డ్యూయీయే హెచ్చరించారు. పీరియడంతా అతికించి గంట కొట్టగానే లేచిపోతే మిగిలేది చెత్తే. చివరి పది నిమిషాలూ మాటలకు ఉంచాలి. ఏమవుతుందనుకున్నావు, ఏమైంది, ఎందుకలా అయింది? అసలు పాఠం అక్కడే ఉంది.

టీచర్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. సిలబస్ తరుముతూ ఉంటుంది. తరగతిలో చప్పుడు వినబడితే క్రమశిక్షణ లేదంటారు. అందుకే బాధ్యత ముందు బడులు నడిపేవారిది. వారానికి ఒకసారైనా రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి. అట్టముక్కలు, దారం, పాత కాగితాలు తరగతి గదిలోనే ఉంచాలి. ప్రాథమిక తరగతుల్లో ప్రాజెక్టులు ఇంటికి పంపడం మానేయాలి. మార్కులు తళుకుబెళుకులకు కాక, పిల్లలు చెప్పగలిగిన దానికి వేయాలి.

ప్రదర్శన రోజున మూడుసార్లు కూలి నాలుగోసారి నిలబడ్డ అట్టముక్కల వంతెనను ముందు బల్ల మీద పెట్టండి, ఎంత వంకరగా ఉన్నా సరే. దాని పక్కన కట్టిన పిల్లనే నిలబెట్టి, మొదటిసారి ఎందుకు కూలిందో చెప్పనివ్వండి.