తూర్పు దేశపు ఇటాలియనూ, ఇటలీ కుళాయీ

నికోలో కాంటీ అనే వెనిస్ వర్తకుడు పదిహేనవ శతాబ్దంలో మన విజయనగరం దాకా వచ్చి, తెలుగు మాటలు కూడా తన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయని గమనించి, ఇది తూర్పు దేశపు ఇటాలియన్ అన్నాడని మనవాళ్లు తరతరాలుగా చెప్పుకొని మురిసిపోతూ ఉంటారు. ఆయన నిజంగా ఏమన్నాడో, ఎవరితో అన్నాడో పండితులు తేల్చుకుంటారు గాని, ఆ మాటను ముప్పై నాలుగేళ్లపాటు తరగతి గదిలో చెప్పి, పదవీ విరమణ చేశాక దాన్ని స్వయంగా ఇటలీలో ప్రయోగించబోయి వీపు కాల్చుకున్న తెలుగు ఉపన్యాసకుణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే.

మా బృందంలో 36 మందిమి. 17 రోజుల యాత్ర. రోము నుంచి మొదలుపెట్టి, టస్కనీ పల్లెల మీదుగా ఫ్లోరెన్సు, పీసా, వెనిస్ చూసుకొని మిలాన్‌లో విమానం ఎక్కాలి. అంతా తెలుగువాళ్లమే కాబట్టి విమానాశ్రయం దగ్గర బస్సు ఎక్కగానే టూర్ మేనేజరు కుర్రవాడు, ఒక్కొక్కరు తమను తాము పరిచయం చేసుకోవలసిందిగా కోరుతూ మైకు తిప్పాడు. మైకు చేతికి వచ్చిన తెలుగు మాస్టారు పేరూ ఊరూ చెప్పి ఊరుకోవడం లోకంలో ఎక్కడా జరగదు. తెలుగు అజంత భాష అనీ, ఇటాలియన్ కూడా దాదాపు అంతేననీ, మనకు అమ్మా, అక్కా, అత్తా ఉన్నట్లే వాళ్లకు మమ్మా, నొన్నా, పిజ్జా ఉన్నాయనీ, ద్విత్వాక్షరం మీద ఇంత మమకారం ఉన్న జాతులు పరాయివి ఎలా అవుతాయనీ నేను నిలదీసి అడిగాను. అంతటితో ఆగినా బాగుండేది. ‘మ్యూజిక్’ చివర ఒక అకారం చేర్చితే ‘ముజికా’, ‘టెలిఫోన్’ చివర ఒకారం చేర్చితే ‘తెలేఫొనో’, ‘ప్రాబ్లం’ చివర అకారం చేర్చితే ‘ప్రొబ్లేమా’ అవుతున్నాయి గనుక, ఇంగ్లీషు మాటకు ఒక అచ్చు తగిలిస్తే ఇటాలియన్ సగం వచ్చేసినట్లేనని ఒక సూత్రం కూడా ప్రతిపాదించాను. బస్సంతా చప్పట్లు కొట్టింది. మా ఆవిడ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ క్షణం నుంచి బృందానికి దుబాసీ పదవి నాకు దఖలు పడింది. రోములో మొదటి రెండు రోజులూ ఆ పదవి మీద పెద్దగా మచ్చ పడలేదనే చెప్పాలి. హోటలు కౌంటరులోని అమ్మాయి మమ్మల్ని చూసి నవ్వుతూ “చావ్” అన్నప్పుడు, విజయవాడ నుంచి వచ్చిన బట్టల వ్యాపారి గారు మొహం చిన్నబుచ్చుకొని, “ఇంత ఖర్చు పెట్టుకొని వస్తే గుమ్మంలోనే చావమంటుందేమిటి మాస్టారూ?” అన్నారు. అది వెనిస్ మాండలికంలో ‘మీ దాసుణ్ణి’ అనే అర్థమిచ్చే మాట నుంచి పుట్టిందనీ, మన దాసోహం లాంటిదేననీ నేను వివరించగానే ఆయన చేతులు జోడించి ఆ అమ్మాయికి రెండు సార్లు దాసోహం చెప్పారు. ఇది నిజంగా నాకు తెలిసిన సంగతి. తెలిసిన సంగతి ఒక్కటి చెప్పగలిగితే, తెలియనివి పది చెప్పే ధైర్యం దానంతట అదే వస్తుంది.

మరునాడు సెయింట్ పీటర్స్ చౌకులో నిలబెట్టి, ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు ‘పాపా’ ఆ పై అంతస్తు కిటికీలోంచి జనానికి కనబడతారని అక్కడి గైడమ్మ చెప్పింది. పోపును వాళ్లు ‘పాపా’ అంటారు. తెనాలి పిన్నిగారు నా చెవి దగ్గరికి వచ్చి, “ఎవరి పాప నాయనా? అంతెత్తు కిటికీలో నిలబెడతారా, పడితేనో?” అని కంగారుపడ్డారు. అదే రోజు సాయంత్రం కాఫీ దుకాణంలో నేను దర్జాగా ‘లాత్తే’ అడిగితే గ్లాసుడు పాలు తెచ్చి ముందు పెట్టారు. లాత్తే అంటే వాళ్ల భాషలో ఉత్త పాలేనట. అందరూ చూస్తూ ఉండడం వల్ల, డాక్టరు నన్ను కాఫీ మానమన్నాడని చెప్పి ఆ చల్లటి పాలను నిలబడి తాగేశాను.

నా సూత్రానికి అసలైన బలం చేకూర్చినది మాత్రం, ఆ సూత్రాన్ని నమ్మని మా ఆవిడే. రాత్రి భోజనంలో వడ్డించే అతను ఆమె పళ్లెం పక్కన నిలబడి, ఒక జున్నుగడ్డను తురుము పీట మీద రాస్తూ ఆపకుండా పోస్తుంటే ఈవిడ బెదిరిపోయి, “బస్తాడు పోసేస్తున్నాడేమిటండీ!” అంది. అతను అక్కడికక్కడే చెయ్యి ఆపి, వంగి నమస్కరించి వెళ్లిపోయాడు. వాళ్ల భాషలో ‘బస్తా’ అంటే చాలు అని అర్థం. ఆ రాత్రి నుంచి మా 36 మందిలో పప్పు వద్దన్నా, ఫొటోలు చాలన్నా, పక్కవాడి కబుర్లు ఆపమన్నా బస్తా అనే మాటే వాడుకలోకి వచ్చింది, దాని ఘనత ఎవరూ అడగకుండానే నా ఖాతాలో పడింది.

నాలుగవ రోజున టస్కనీ బయలుదేరాము. యూరపులో బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలని చట్టం. ఆ నిమిషాలను బస్సులోని యంత్రమే లెక్కపెడుతుంది కాబట్టి బతిమాలి లాభం లేదు. నిజానికి అంత దూరం లేదు గాని, మా పెద్దవాళ్ల అవసరాలు చట్టం కంటే కఠినమైనవి గనుక ప్రతి గంటకూ ఆగుతూనే వెళ్లాము. సాన్ జిమిన్యానో అనే కొండ మీది ఊరిలో మధ్యయుగాల నాటి రాతి బురుజులు 14 ఇంకా నిలబడి ఉన్నాయి. ఊరి సంపన్న కుటుంబాలు ఒకరి మీద ఒకరు పంతం పట్టి కట్టిన బురుజులవి. కరీంనగర్ ఇంజనీరు గారు వాటిని పైకీ కిందికీ చూసి, మున్సిపాలిటీ అనుమతి లేని అంతస్తులు ఎన్ని ఉంటాయో అంచనా వేశారు.

ఆ రాత్రి బస ద్రాక్షతోటల మధ్య ఒక పాత రాతి భవనంలో. యజమానీ, ఆయన కొడుకూ, ముసలి తల్లీ కలిసి నడుపుకుంటున్న చోటు. తల్లిని మనవడు “నొన్నా” అని పిలుస్తుంటే, నాన్నను పిలుస్తున్నాడనుకొని పిన్నిగారు పాపం చుట్టూ మగవాళ్ల కోసం వెదికారు. మాకు 9వ నంబరు గది ఇచ్చారు.

ఇక అసలు కథ స్నానాల గదిలో ఉంది. గోడకు పాతకాలపు ఇత్తడి కుళాయిలు రెండు, ఒకదాని మీద ‘సీ’ అనే అక్షరం, రెండవదాని మీద ‘ఎఫ్’. వాటి పక్కనే పైకప్పు నుంచి ఒక సన్నని తాడు వేలాడుతోంది, చివర చిన్న ఎర్ర పిడి. మా ఆవిడ అప్పటికే స్నానం చేసి, కింద పిన్నిగారి కెటిల్లో కాస్తున్న టీ కోసం బయలుదేరుతోంది. ఆమె ఏ అక్షరమూ చదవలేదు. మన ఇంట్లో బకెట్టుకు తొరుపుకున్నట్లే రెండు కుళాయిలూ కాస్త కాస్త విప్పి, చెయ్యి పెట్టి చూసుకొని, వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్నట్లుగా పని కానిచ్చుకుంది. చదువుకున్నవాణ్ణి కనుక నేను అక్షరాలు చదివాను. సీ అంటే కోల్డ్. ఎఫ్ అంటే ఏమై ఉంటుందని ఒక్క నిమిషం ఆలోచించి, నిప్పుకు సంబంధించిన ‘ఫైర్’ అయి ఉంటుందని నిశ్చయించుకున్నాను. ఆవిడ గది దాటేలోపే తలుపు సందులోంచి, “ఎఫ్ జోలికి వెళ్లకు, అది ఫైర్” అని హెచ్చరించాను కూడా. తాడు తువ్వాలు ఆరవేసుకోవడానికి కట్టినదిగా భావించాను.

సీ విప్పాను. మొదట చల్లటి నీళ్లే వచ్చాయి. బాయిలరు ఎక్కడో కింద ఉండి, గొట్టంలో నిలవ ఉన్న నీళ్లు ముందుగా వస్తాయన్న ఇంగితం నాకు అప్పుడు లేదు. అంచనా నిజమైందన్న సంతోషంతో ఒళ్లంతా సబ్బు రుద్దుకొని, కళ్లు మూసుకొని, వీపు తిప్పి నిలబడ్డాను. నీళ్లు గోరువెచ్చగా మారి, ఆపైన వేడెక్కాయి. చల్లబరచాలంటే కోల్డ్ ఎక్కువ చెయ్యాలి కదా అని సీని మరో రెండు చుట్లు తిప్పాను. ఆ తరువాత వీపు మీద పడినవి నీళ్లని నేను ఒప్పుకోను. మరో రెండు చుట్లు తిప్పి, అప్పటికీ తర్కం మీద నమ్మకం సడలక, చివరికి కాలు జారి చేతికి అందినదాన్ని పట్టుకున్నాను. అందినది ఆ ఎర్ర పిడి. కింద ఎక్కడో గంట గణగణా మోగడం మొదలుపెట్టింది. ఇటలీ హోటళ్లలో స్నానం చేస్తూ పడిపోయినవాళ్లు సహాయం కోసం లాగే తాడు అదని, ఆరవేసిన తువ్వాలు బరువుకు కూడా అది మోగుతుందని తరువాత తెలిసింది.

నేను తువ్వాలు చుట్టుకొని తలుపు తీసేసరికి యజమాని, కొడుకు, చేతిలో గరిటెతో నొన్నా ముగ్గురూ రొప్పుతూ నిలబడి ఉన్నారు. “తుత్తో బేనే?” అని యజమాని అడిగాడు. అంతా క్షేమమేనా అని దాని అర్థమట. నేను మాట రాక స్నానాల గదిలోకి వేలు చూపించాను. ఆయన లోపలికి తొంగిచూసి, కుళాయి వైపు చెయ్యి ఊపి, “కాల్దో?” అన్నాడు.

బస్సులో నేను చేసిన ప్రసంగం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కోల్డ్ అనే ఇంగ్లీషు మాటకు చివర ఒకారం చేర్చితే ఏమవుతుంది? కాల్దో అవుతుంది. ఒళ్లు మండుతున్నా నా సూత్రం పనిచేసినందుకు ఒక మెరుపులాంటి ఆనందం కలిగింది. నీళ్లు చల్లగా ఉన్నాయా అని ఈ పెద్దమనిషి అడుగుతున్నాడని గ్రహించి, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, “నో! నో కాల్దో! నో కాల్దో!” అని అరిచాను. ఆయన మొహం సిగ్గుతో కందిపోయింది. గుండెల మీద చెయ్యి వేసుకొని ఏదో క్షమాపణ లాంటిది చెప్పి, “సూబితో, సూబితో” అంటూ మెట్లు దిగి పరుగెత్తాడు. కాసేపటికి కింద బాయిలరు గదిలో ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వినిపించింది. నీళ్లు చల్లబరుస్తున్నాడు పాపం, ఎంత మర్యాదస్తులు అనుకొని, బోర్లా పడుకొని నిద్రపోయాను. ఎఫ్ విప్పి చూడాలని అప్పటికీ నాకు తోచలేదు.

తెల్లవారి ఆరున్నరకు, 10 గంటలకల్లా ఫ్లోరెన్సు చేరాలన్న తొందరలో అందరూ ఒకేసారి స్నానాలకు దిగారు. మొదటి కేక మేడ మీద బట్టల వ్యాపారి గారి గది నుంచి వచ్చింది. రెండవది ఇంజనీరు గారిది. ఆ తరువాత లెక్క తప్పింది. పిన్నిగారు సగం అల్లిన జడతో వరండాలోకి వచ్చి, “పప్పు ఉడికే నీళ్లు నాయనా, పప్పు ఉడికే నీళ్లు!” అని టూర్ మేనేజరు కుర్రవాణ్ణి పట్టుకున్నారు. అందరూ కలిసి భోజనశాలలో యజమానిని నిలదీశారు. ఆయన మాత్రం ఏ తప్పూ చేయనివాడిలాగా, పైగా బహుమతి అందుకోబోతున్నవాడిలాగా వెలిగిపోతూ నా దగ్గరికి వచ్చి, నా భుజం తట్టి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, “నైన్ నంబర్ సిన్యోర్, ఎస్టర్డే, నో కాల్దో. టుడే వెరీ కాల్దో!” అని అయిదు వేళ్లూ ఒకచోట చేర్చి ముద్దుపెట్టుకున్నాడు.

“కాల్దో అంటే ఏమిటి మాస్టారూ?” అని ఇంజనీరు గారు అడిగారు.

నాకు అప్పటికి అర్థమైంది. సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని చెప్పి, రొట్టె మీద వెన్న రాసుకోవడంలో మునిగిపోయాను. ఫోను చూస్తున్న మేనేజరు కుర్రవాడు తలెత్తి, “కాల్దో అంటే వేడి అండీ” అన్నాడు. భోజనశాలలో చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది. నీళ్లలో వేడి లేదని రాత్రి ఫిర్యాదు చేసినవారు ఎవరో 35 మందికీ ఒకే క్షణంలో బోధపడింది. బట్టల వ్యాపారి గారు ఎర్రబడిన మెడను తువ్వాలుతో అద్దుకుంటూ లేచి, నా వైపు చూసి, “చావ్, మాస్టారూ” అని వెళ్లిపోయారు. ఆయన ఏ భాషలో అన్నారో నేను అడగలేదు.

ఫ్లోరెన్సులో మిగతావాళ్లు బ్రునెల్లెస్కీ 1436లో పూర్తిచేసిన మహాగోపురం మీదికి 463 మెట్లు ఎక్కుతుంటే, నేనూ మా ఆవిడా ఆకుపచ్చ ప్లస్సు గుర్తు వెలుగుతున్న మందుల దుకాణం వెదుక్కుంటూ వెళ్లాము. దాంతే పుట్టిన ఊరు అది. ఆయన కావ్యం రాసిన ఆ ఊరి భాషే తరువాత ఇటాలియన్‌కు పునాది అయింది. అలాంటి ఊరిలో, ముప్పై నాలుగేళ్లు భాష బోధించిన నేను, కౌంటరు వెనకాల ఉన్న అమ్మాయి ముందు ఒక్క మాటా ఆడక, వెనక్కి తిరిగి చొక్కా పైకెత్తి చూపించాను. ఆమె నోరు నొక్కుకొని ఒక మందు గొట్టం ఇచ్చి, రాసే ముందు ఏం చెయ్యాలో చేతితో అభినయిస్తూ, “ఆక్వా ఫ్రెద్దా, ఫ్రెద్దా” అంటూ పక్కనున్న చల్లటి నీళ్ల సీసాను నా వీపుకు ఆనించింది.

మా ఆవిడ ఆ సీసాను చూసింది, నన్ను చూసింది.

“ఏమండీ, ఎఫ్ అంటే ఇదన్నమాట” అంది.